ఏథెన్స్ తెగలు: రక్తమా, చీటీయా?

ప్ర: ప్రాచీన ఏథెన్స్ పౌరులు పది తెగలుగా ఉండేవారని చదివాను. ఒక్కో తెగ ఒక్కో మూలపురుషుడి సంతతా?

జ: తెగ అన్నది పేరుకే. అంతకుముందున్న నాలుగు అయోనియన్ తెగలు మాత్రం పురాణ పురుషుడు ఇయోన్ కొడుకుల నుంచి వచ్చామని చెప్పుకునేవి. క్రీ.పూ. 508లో ఏథెన్స్ నాయకుడు క్లెయిస్థనీస్ వాటి రాజకీయ పాత్ర తీసేసి, ఏథెన్స్ నగరమూ దాని చుట్టుపక్కల పల్లెలూ ఉన్న అట్టికా ప్రాంతాన్ని ముక్కలు చేసి కొత్తగా కలిపాడు.

అట్టడుగు యూనిట్ డీమ్. అంటే ఓ పల్లె లేదా నగరంలో ఓ పేట. తర్వాతి కాలపు లెక్కలో ఇవి 139. వాటిని నగరం, తీరం, లోతట్టు అని మూడుగా విడదీసి, ఒక్కోదాంట్లో పది చొప్పున 30 ట్రిట్టిస్‌లు కట్టాడు. ట్రిట్టిస్ అంటే మూడోవంతు. మూడింటి నుంచీ ఒక్కొక్కటి చీటీ వేసి తీస్తే ఒక తెగ. ఒకే చోట పలుకుబడి ఉన్న పెద్ద కుటుంబం తెగ మొత్తాన్ని గుప్పిట పెట్టుకోలేదు. యుద్ధంలోనూ తీరంవాడు, లోతట్టువాడు ఒకే దళంలో నిలబడాలి.

తెగకు 50 మంది చొప్పున సభలో 500 మంది. ఇక్కడ సమానత్వం తెగల మధ్యే, డీమ్‌ల మధ్య కాదు. అఖార్నాయ్ అనే పెద్ద డీమ్ ఒక్కటే 22 మందిని పంపేది, చిన్న పల్లెకు ఒక్కడు దక్కితే గొప్ప. ఆ సభకు అధ్యక్షత వహించే వంతు ఏడాదిలో ఒక్కో తెగకు 35 లేదా 36 రోజులు: మొదటి నాలుగింటికి 36, మిగతా ఆరింటికి 35. కలిపితే 354, చాంద్రమాన సంవత్సరం. క్రీ.పూ. 406లో ఏథెన్స్ సేనానుల మీద జరిగిన విచారణ నాటికి వంతు ఆంటియోఖిస్ తెగది కాబట్టే, ఆ తెగవాడైన సోక్రటీస్ అధ్యక్ష బృందంలో ఉన్నాడు.

ప్ర: ఇల్లు మారితే తెగ మారేదా?

జ: మారదు. డీమ్ తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. 18 ఏళ్లు నిండాక డీమ్ సభ్యులు ఓటేసి పేరు ఎక్కించుకునేవారు. సమాధి రాతి మీద డీమ్ పేరు చూసి, చనిపోయినవాడు అక్కడే కాపురమున్నాడనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

ప్ర: చివరిదాకా పదేనా?

జ: కాదు. క్రీ.పూ. 307లో మాసిడోనియా పాలకులు ఆంటిగోనోస్, దెమెత్రియోస్‌ల పేర్లతో రెండు చేరి 12 అయ్యాయి, సభ 600కి పెరిగింది. సుమారు క్రీ.పూ. 200లో ఆ రెండూ రద్దయ్యాయి. శాసనంలో ఆంటిగోనిస్ తెగ కనిపిస్తే ఆ మధ్యకాలానిదే.