డెబ్బై దాటిన నాన్నగారు కారు నడుపుతూ ఫోన్ ఎత్తుతారు, మ్యాప్ చూస్తారు. ఎలా ఆపించాలి?

మీ నాన్నగారు "నలభై ఏళ్ళుగా నడుపుతున్నాను, నువ్వా నాకు చెప్పేది" అంటారని రాశారు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే గొడవ నడిచింది. నాకు అర్థమైంది ఏమిటంటే, ఆయన్ని మార్చడం కంటే ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు మారడం సులువు.

ఫోన్ సంగతే చూడండి. మా నాన్నగారికి దారిలో వచ్చే కాల్స్ దాదాపు అన్నీ ఇంట్లోవాళ్ళవే. "ఎక్కడిదాకా వచ్చారు?", "వచ్చేటప్పుడు మందులు తెస్తారా?" ఇలాంటివే. ఆ తరం వాళ్ళకు మోగుతున్న ఫోన్ ఎత్తకపోతే కొంప మునిగినంత టెన్షన్. అందుకని ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. బయల్దేరే ముందు ఆయనే ఫోన్ చేసి చెబుతారు, చేరాక మళ్ళీ చేస్తారు. ఈలోపు ఎవరూ చెయ్యరు. బయటివాళ్ళ కాల్స్ మోగకుండా ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ అనే సెట్టింగ్ పెట్టాను. కారు బ్లూటూత్‌కి కనెక్ట్ కాగానే అదే ఆన్ అయిపోతుంది, ఆయన ఏ బటనూ నొక్కక్కర్లేదు. నొక్కాల్సి వస్తే రెండో రోజుకే మర్చిపోతారు, అది ఎవరైనా అంతే. బ్లూటూత్‌లో మాట్లాడితే ఫర్వాలేదు కదా అని మా తమ్ముడు వాదించాడు. చేతులు ఖాళీగానే ఉంటాయి, బుర్ర ఖాళీగా ఉండదుగా!

మ్యాప్ విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ వయసు నిజంగానే అడ్డొస్తుంది. వయసుతో పాటు కంట్లోని లెన్స్ బిరుసెక్కుతుంది, దూరం నుంచి దగ్గరికి చూపు మార్చడం కష్టమవుతుంది. మా నాన్నగారిది ప్రోగ్రెసివ్ కళ్ళజోడు, అంటే దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం. దగ్గరివి కనిపించే భాగం అద్దంలో కింది వైపు ఉంటుంది. స్క్రీన్ మీద అక్షరాలు చదవాలంటే గడ్డం పైకెత్తి, కళ్ళు కిందికి దించి, కాస్త ముందుకు వంగేవారు. అంతసేపూ రోడ్డు మీద చూపు లేనట్టే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. రెండు సెకన్లు స్క్రీన్ చూస్తే 33 మీటర్లు గుడ్డిగా వెళ్ళినట్టు. అమెరికాలో రోడ్డు భద్రత మీద పరిశోధన చేసే ఏఏఏ ఫౌండేషన్ 2019లో వెల్లడించిన పరీక్షల్లో, కారు స్క్రీన్ మీద నావిగేషన్ పెట్టడం, రేడియో మార్చడం లాంటి పనులకు 55–75 ఏళ్ళవాళ్ళు కుర్రవాళ్ళ కంటే 8 సెకన్లకు పైగా ఎక్కువసేపు రోడ్డు మీంచి దృష్టి మళ్ళించారని తేలింది.

అందుకే వెళ్ళాల్సిన చోటు ఇంటి దగ్గరే, ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందే పెట్టేస్తాం. దారి గొంతుతో చెబుతుంది, సౌండ్ గట్టిగా ఉంచుతాం. ఏసీ, అద్దాలు, సీటు కూడా అప్పుడే సరిచేసుకుంటారు. మలుపు తప్పిపోతే కంగారు పడొద్దనీ, యాప్ మళ్ళీ దారి చూపిస్తుందనీ ఆయనకు ముందే చెప్పాను. ఈ ఒక్క మాటతో సగం హడావిడి తగ్గింది. కొత్త కారైతే ఆపి ఉన్నప్పుడే పక్కన కూర్చుని బటన్లన్నీ నొక్కించండి. కళ్ళ పరీక్షకు వెళ్ళినప్పుడు కారు స్క్రీన్ ఎంత దూరంలో ఉంటుందో కూడా చెప్పండి, అద్దాలు రాసేటప్పుడు ఆ దూరాన్నీ చూసుకుంటారు.

ఇక కార్లో ఎక్కే జనం. వెనక సీట్లోంచి పిల్లలు "తాతయ్యా, అటు చూడు" అంటారు. పెద్దలు ముగ్గురు మూడు దారులు చెబుతారు. మా దగ్గర ముందు సీట్లో ఉన్నవాళ్ళు మాత్రమే దారి చెప్పాలి, అదీ కాస్త ముందుగా. జంక్షన్ వస్తుంటే అందరూ నోరు మూసుకోవాలి. ఎదురుగా వచ్చే బండ్లను దాటుకుని మలుపు తిరగడం పెద్దవాళ్ళకు చాలా కష్టమైన పని, వేగం, దూరం, మనుషులు అన్నీ ఒకేసారి చూసుకోవాలి. నాన్నగారు జంక్షన్ దగ్గర తనంతట తానే రేడియో తగ్గించేస్తారు. తమ్ముడు దానికి నవ్వేవాడు. నన్నడిగితే కార్లో ఉన్న అందరిలోకీ తెలివైన పని చేసేది ఆయనే.

చెప్పే తీరు గురించి అడిగారు. కారు నడుస్తుండగా చెప్పకండి, కోడళ్ళు, మనవల ముందు అసలే వద్దు. "మీకు చూపు తగ్గింది" అనకుండా "నాన్నా, ఫోన్ ఇలా ఇవ్వండి, ఒక సెట్టింగ్ పెడతాను" అంటే గొడవే ఉండదు.

ఇన్ని చేసినా తెలిసిన దారిలోనే తడబడుతున్నా, బండి మీద కొత్తగా గీతలు కనిపిస్తున్నా అది ఫోన్ వల్ల వచ్చిన పరధ్యానం కాకపోవచ్చు. జలుబుకో, అలర్జీకో వాడే కొన్ని మాత్రలు కూడా మత్తుగా ఉంచుతాయి. వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపించండి, వీటితో డ్రైవింగ్ చెయ్యొచ్చా అని నేరుగా అడగండి.