‘గుండె ఆగి చనిపోయాడు’ అన్నంత మాత్రాన కారణం తేలినట్టు కాదు

తమ్ముడూ, మీ బావగారు పోలీస్ స్టేషన్లో చనిపోయారనీ, డాక్టర్ ‘కార్డియాక్ అరెస్ట్’ అని చెప్పారనీ, ఇక చేసేదేమీ లేదా అనీ అడిగావు. చదువుతుంటే మనసు కలచివేసింది.

ముందు ఒక్క మాట. గుండె ఆగడం ప్రతి చావులోనూ ఉంటుంది. అది చావు జరిగిన తీరు, కారణం కాదు. ఎందుకు ఆగిందన్నదే అసలు ప్రశ్న. లాఠీ దెబ్బలకు కండరాలు నలిగితే వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీలు దెబ్బతింటాయి, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. పైకి పెద్ద గాయం కనిపించకపోవచ్చు. అందుకే వీపు, పిరుదులు, అరికాళ్ల చర్మం కోసి లోపల కమిలిన రక్తం ఉందేమో చూశారా అని పోస్ట్‌మార్టం రిపోర్టులో వెతకండి. నిజంగా గుండెజబ్బే అయితే రక్తనాళాల్లో పూడికలు, గుండె కండరం పరీక్ష ఫలితం అందులో ఉండాలి.

కస్టడీ మరణంలో, అంటే పోలీసుల అదుపులో ఉండగా చనిపోతే, పోలీసు దర్యాప్తుతో పాటు మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. క్రిమినల్ కేసుల విధానం చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 196 అది. విచారణలో కూర్చునే హక్కు మీకుంది. పోస్ట్‌మార్టం వీడియో తీయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ ఎప్పటి నుంచో చెబుతోంది, ఆ కాపీ రాతపూర్వకంగా అడగండి.

దయచేసి దహనం చేయకండి. 2021లో అడ్డగూడూరు స్టేషన్లో ఒక మహిళ చనిపోతే, ఖననం చేశాక కూడా తెలంగాణ హైకోర్టు మళ్లీ పోస్ట్‌మార్టం చేయించింది. ఈరోజే లాయర్‌ని కలిసి, మళ్లీ పోస్ట్‌మార్టం కోరుతూ హైకోర్టులో పిటిషన్ వేయండి. డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. అక్కను ఒంటరిగా వదలకు.