గాలికి ఒరిగినవి, మనకు ఒరిగినవి

సందేహం: గాలి దేన్నయినా పడేస్తే ఇంగ్లీషులో ‘బ్లో ఓవర్’ అంటారు కదా. ఒక అనువాదంలో ‘పెనుగాలి చెట్లను వీచివేసింది’ అని చదివాను. ఇది ఒప్పేనా? కాకపోతే ఏ క్రియ వాడాలి?

సమాధానం: ఒప్పు కాదు. వింజామర వీచారు అంటాం కాబట్టి, గాలి చెట్లను వీచిందంటే వాటికి విసనకర్రతో విసిరిందన్నట్టుంటుంది! ఇంగ్లీషులో గాలే కర్త, ఊదడమూ పడెయ్యడమూ దాని పనే. మనకు పడినదే కర్త; గాలికి ‘కి’ చేరిస్తే సరి. ఎండకు వాడింది, చలికి వణికింది, గాలికి పడింది. ‘గాలి కారణంగా పడగొట్టబడినది’ అని రాసేవారికి ఆ ఒక్క అక్షరం ఆనదు కాబోలు.

క్రియ విషయంలో నా మొగ్గు ‘ఒరుగు’ వైపే. ‘ఒరగు’ అన్న రూపమూ ఉంది. పక్కకు వాలడం దీని అసలు అర్థం. కన్నడంలోనూ ఒరగు అంటే ఆనుకోవడం, చేరగిలబడడం. వీపు ఆనించుకునేది ఒరగుదిండు. నిలువునా ఉన్నది వాలి వాలి నేలను తాకితే నేలకొరిగినట్టు, చెట్టయినా సరే, యుద్ధంలో వీరుడైనా సరే. ఇదే మాట లాభానికీ వచ్చింది. మన వైపు వాలింది మనకు దక్కుతుంది కదా, అందుకే కాబోలు ‘దానివల్ల నాకొరిగిందేమిటి?’ అంటాం. ‘నువ్వు ఒరగబెట్టిందేమిటి?’ అన్న ఎత్తిపొడుపూ అక్కడిదే. మామిడి ఒరుగులు మాత్రం వేరే మాట, ఎండిన ముక్కలకు వాలే పని లేదు.

ఇంత మంచి మాటను పత్రికలు అరగదీస్తున్నాయి. స్తంభాలు, రేకులు, ఫ్లెక్సీలు, ప్రహరీలు అన్నీ ‘నేలకొరిగాయి’ట! రేకులు లేచిపోతాయి. గోడ కూలుతుంది. గెల వేసిన అరటి నడిమికి విరుగుతుంది. వరిచేను ‘పడిపోయింది’ అంటాడు రైతు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఉద్దానంలో వేళ్లతో పెకిలిపోయిన కొబ్బరి చెట్లు వేరు, మొవ్వు విరిగి మోడులా నిలబడ్డవి వేరు. రెండో రకం ఒరగనేలేదు. అదీ నష్టమే, కానీ దాని పేరు అది కాదు.

అన్నట్టు, ‘బ్లో ఓవర్’కు ఇంకో అర్థమూ ఉంది: తుఫానో గొడవో ‘బ్లో ఓవర్’ అయితే సద్దుమణిగినట్టు.

‘గాలి చెట్లను కూల్చింది’ అనకూడదా అంటే, తప్పనలేను. గాలి ప్రతాపమే చెప్పదలచినప్పుడు అది కర్తగా ఉండవచ్చు. మీరు చదివిన వాక్యానికి ‘పెనుగాలికి చెట్లు ఒరిగాయి’ చాలు. మొదలంటా పడ్డాయని మూలంలో ఉంటే ‘కూలాయి’ అనడమే మేలు.