కారు ఏసీ: ఏటా గ్యాస్ నింపించాల్సిందేనా?

ఎండలు ముదిరేసరికి ఈసారి ఉత్తరాలన్నీ ఏసీ గురించే వచ్చాయి. బల్లార్షాలో నా షెడ్డుకి వస్తున్న బండ్ల సంగతీ అదే. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అన్నా, మా కారు కొని ఆరేళ్లయింది. పోయిన రెండు ఎండాకాలాలూ గ్యాస్ నింపించాం. ఈసారి మార్చిలోనే చల్లదనం తగ్గింది. షాపులో అడిగితే "గ్యాస్ అయిపోయింది, ఏటా నింపించుకోవాలి" అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాజురా

జవాబు: నిజం కాదక్కా. ఇప్పుడే నింపించకండి, ముందు లీకు వెతికించండి.

ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా కాలి ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ నొక్కిన గ్యాస్ కండెన్సర్‌లో వేడి వదిలి ద్రవమవుతుంది. ఒత్తిడి తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటాక డాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్‌లో ఆవిరవుతూ బండి లోపలి వేడిని లాక్కుంటుంది. మళ్లీ కంప్రెసర్‌కే చేరుతుంది. తిరిగేదంతా అదే గ్యాస్. రబ్బరు పైపుల్లోంచి ఏళ్ల మీద కొద్దికొద్దిగా తగ్గడం మామూలే. ఏడాది తిరగకుండా చల్లదనం పోతోందంటే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే.

మన వైపు బండ్లలో నేను ఎక్కువగా చూసేది కండెన్సర్ లీకు. అది బంపర్ వెనకాల, రేడియేటర్‌కి ముందు ఉంటుంది. సాస్తి బొగ్గు గనుల లారీల వెనక నడిచే బండికి రాళ్లు తగిలేది దానికే. గడ్‌చందూర్ వైపు సిమెంటు దుమ్ము, ఇటు బొగ్గు దుమ్ము రేకుల మధ్య పేరుకుని, వానాకాలం తడికి అంటుకుపోయి అల్యూమినియాన్ని తినేస్తాయి. కండెన్సర్ తర్వాత పైపు జాయింట్లలోని ఓ-రింగులు (రబ్బరు రింగులు), కంప్రెసర్ షాఫ్ట్ సీలు చూడాలి. గ్యాస్ ఎక్కించే చోట సైకిల్ ట్యూబుకి ఉన్నట్టే చిన్న వాల్వ్ పిన్ ఉంటుంది. ఒక్కోసారి తప్పంతా దానిదే, మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. అందుకే దాని ప్లాస్టిక్ మూత పోగొట్టుకోకూడదు.

షాపుకి వెళ్లే ముందు మీరే ఒక పని చేయవచ్చు. ఇంజన్ చల్లారాక బానెట్ ఎత్తి ఏసీ పైపులు, జాయింట్లు చూడండి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది కాబట్టి, కారే చోట జిడ్డుగా ఉండి దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తుంది. అలాంటిది కనబడితే ఫోన్లో ఫొటో తీసి మెకానిక్‌కు చూపించండి. మెకానిక్ చేయాల్సింది ఏమిటంటే, పైపుల్లో నైట్రోజన్ ఒత్తిడి పెట్టి సబ్బు నీళ్లతో బుడగలు చూడాలి. లేదా రంగు వేసి, ఆ రంగును మెరిపించే లైటుతో వెతకాలి. కూలింగ్ కాయిల్ కంటికి కనిపించదు, దానికి లీక్ డిటెక్టర్ కావాలి. చంద్రపూర్‌లో ఏ షాపుకి వెళ్లినా "ఆధీ లీకేజ్ బఘా, మగ్ గ్యాస్ భరా" (ముందు లీకు చూడండి, తర్వాతే గ్యాస్ నింపండి) అని మరాఠీలో గట్టిగా చెప్పండి. లీకు చూడకుండా గ్యాస్ ఎక్కించేవాడి దగ్గర బండి పెట్టవద్దు.

లీకు కట్టాక పంపుతో వాక్యూమ్ పెట్టాలి, కనీసం అరగంట. లోపలి గాలి, తడి పోవాలంటే ఇదే దారి. తడి మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచు కడుతుంది, లోపలి భాగాలను కూడా తింటుంది. పైపులు విప్పినప్పుడు డ్రయర్ కూడా మార్పించండి, తడి పీల్చేది అదే.

ఇక గ్యాస్ ఎంత? బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. చిన్న కార్లలో చాలావాటికి 350 నుంచి 550 గ్రాములు. దాన్ని తూకం వేసే నింపాలి. చాలామంది గేజ్ చూసి అందాజుగా ఎక్కిస్తారు. గేజ్ ఒత్తిడిని చూపిస్తుంది గానీ బరువును కాదు. ఆగి ఉన్న బండిలో 30 డిగ్రీల వేడికి ఆర్-134ఏ (కారు ఏసీల్లో ఎక్కువగా ఉండే) గ్యాస్ సుమారు 95 పౌండ్ల ఒత్తిడి చూపిస్తుంది. లోపల 200 గ్రాములున్నా 400 గ్రాములున్నా దాదాపు అంతే. ఎక్కువ నింపినా నష్టమే. చంద్రపూర్‌కు మే నెలలో 46, 47 డిగ్రీలు కొత్త కాదు, ఆ ఎండలో ఒత్తిడి హద్దు దాటి ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఎన్ని గ్రాములు ఎక్కించారో బిల్లు మీద రాయించుకోండి.

రెండు జాగ్రత్తలు. లీకు మూసే మందు అని డబ్బాలోది పోస్తామంటే వద్దనండి, అది వాల్వ్‌లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. చౌక గ్యాస్ పేరుతో వంటగ్యాస్ జాతివి నింపేవాళ్లూ ఉన్నారు. అది మండే గ్యాస్. కాయిల్ కారితే నేరుగా పిల్లలు కూర్చున్న చోటికే వస్తుంది. డబ్బా మీద ఆర్-134ఏ అని ఉందో లేదో మీ కళ్లతో చూడండి. కొత్త మోడళ్లలో వేరే రకం ఉంటే స్టిక్కర్ మీద ఏది ఉంటే అదే.

రిపేరు అయ్యేదాకా ఏసీ బటన్ నొక్కకండి. గ్యాస్ తగ్గితే నూనె కంప్రెసర్‌కు తిరిగి రాదు, కంప్రెసర్ పట్టేస్తే లోహపు రజను లైనంతా పాకుతుంది. అప్పుడు కంప్రెసర్‌తో పాటు కండెన్సర్ కూడా మార్చాల్సి వస్తుంది. మధ్యతరగతి ఇంటికి అది చాలా పెద్ద దెబ్బ. ఇంత పొడుగ్గా రాసింది ఆ భయంతోనే.

ప్రశ్న: నేను టాక్సీ నడుపుతాను. ఆలాపల్లి రోడ్డు మీద నడుస్తున్నంతసేపు ఏసీ బాగుంటుంది. ఎక్కడైనా ఆగితే వేడి గాలి వస్తుంది. గ్యాస్ తక్కువా?
– ఒక డ్రైవర్, సిరొంచ

జవాబు: తమ్ముడూ, ముందు కండెన్సర్ ఫ్యాన్ చూడు. బండి నడిచేటప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌ను చల్లారుస్తుంది, ఆగాక ఆ పని ఫ్యాన్‌దే. ఏసీ వేసి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడు. చేయి మాత్రం దగ్గర పెట్టకు, అది ఎప్పుడైనా తిరగడం మొదలుపెట్టవచ్చు. తిరగకపోతే ఫ్యూజ్, రిలే, మోటార్ వరసగా చూపించు. ఎలుకలు వైరు కొరికినా ఇదే జరుగుతుంది. తిరుగుతున్నా చల్లగా లేదంటే, బండి ఆగి ఉండగానే మగ్గుతో కండెన్సర్ మీద మెల్లగా నీళ్లు పోసి చూడు, విద్యుత్ కనెక్షన్ల మీద పడకుండా. వెంటనే లోపల చల్లబడితే కండెన్సర్ మూసుకుపోయినట్టు, లేదా ఫ్యాన్ గాలి చాలనట్టు. సర్వీసింగ్ వాళ్ల ప్రెషర్ గన్‌తో కొట్టించకు, రేకులు వంగిపోతాయి. మామూలు పైపు నీళ్లతో, మెత్తని బ్రష్‌తో కడుగు. ఇవన్నీ బాగుంటేనే గ్యాస్ సంగతి.

ప్రశ్న: ఏసీ వేస్తే సాక్సుల వాసన వస్తోంది. ముందు ప్యాసింజర్ కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉంటోంది.
– ఒక పాఠకుడు, బల్లార్షా

జవాబు: కాయిల్ మీద పట్టిన నీరు కిందకి పోయే డ్రెయిన్ పైపు మూసుకుపోయింది. దాన్ని శుభ్రం చేయిస్తే తడి ఆగుతుంది. గ్లవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ (లోపలికి వచ్చే గాలిని వడకట్టేది) ఉంటే తీసి చూడండి, మన ఊళ్లో బొగ్గు రంగులో ఉంటుంది, దులపకుండా మార్చేయండి. ఇంటికి చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం ఉంచితే కాయిల్ ఆరి బూజు పట్టదు. సెంటు డబ్బాలు పెట్టి వాసన కప్పకండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఈ పని వాయిదా వేయవద్దు.

ప్రశ్న: హైదరాబాద్ వెళ్లేటప్పుడు రెండు గంటల తర్వాత గాలి రావడమే తగ్గిపోతుంది. టీ తాగి వచ్చేసరికి మళ్లీ మామూలు. ఇంకో సందేహం, పిల్లలు బండిలో నిద్రపోతే ఏసీ వేసి అలాగే ఉంచవచ్చా?
– ఒక తండ్రి, చంద్రపూర్

జవాబు: కాయిల్ మీద మంచు కట్టి గాలి దారి మూసుకుపోతోంది, ఆగినప్పుడు కరుగుతోంది. క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోవడం, గ్యాస్ తగ్గడం, కాయిల్ చల్లదనం చూసి కంప్రెసర్‌ను ఆపే సెన్సర్ పాడవడం, ఈ మూడింటిలో ఒకటి. ఫిల్టర్‌తో మొదలుపెట్టండి. అప్పటిదాకా దారిలో గాలి తగ్గితే ఏసీ ఆపి పది నిమిషాలు బ్లోయర్ మాత్రం నడపండి.

పిల్లల సంగతి సార్, వద్దే వద్దు. ఆగి ఉన్న బండిలో ఇంజన్ నడుస్తుంటే సైలెన్సర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరవచ్చు. దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలియదు. మూసిన గరాజులో అయితే మరీ ప్రమాదం. ఇంజన్ ఆపి వదిలినా ఎండలో కొద్ది నిమిషాల్లోనే లోపల ఉడికిపోతుంది. ఎంత గాఢంగా నిద్రపోతున్నా ఎత్తుకుని ఇంట్లోకి తీసుకెళ్లండి.