బావగారికి పాజిటివ్ అని తెలిసింది, అక్కకి చెప్పాలా వద్దా?

మీ బావగారికి హెచ్‌ఐవీ పాజిటివ్ వచ్చింది, అక్కకి చెప్పనని కౌన్సిలర్ దగ్గర మాట తీసుకున్నారు, ఇది న్యాయమేనా అని అడిగారు. నేను కోస్తా జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో (హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే కేంద్రం) ఆరేళ్లు కౌన్సిలర్‌గా చేశాను. నా మాట ఒకటే, మీ అక్కకి తెలియాల్సిందే. కాకపోతే ఎవరు చెప్తున్నారు, ఎలా చెప్తున్నారు అన్నది చాలా ముఖ్యం.

2008లో ఒకమ్మాయి, ఇరవై ఏళ్లు కూడా నిండలేదు, కడుపుతో ఉండి పరీక్షకి వచ్చింది. పాజిటివ్. నేను ఆమెతో రెండోసారి కూర్చుని మాట్లాడేలోపే వార్డులో ఎవరో అత్తగారి చెవిన వేశారు, ఆ సాయంత్రమే పుట్టింటికి పంపేశారు, ఈ జబ్బు నువ్వే తెచ్చావని. తర్వాత తెలిసిందేంటంటే, భర్త పక్క జిల్లాలో ప్రైవేటు డాక్టర్ దగ్గర అప్పటికే రెండేళ్లుగా మందులు తెచ్చుకుంటున్నాడు. ఆయన రహస్యం రెండేళ్లు దాగింది, ఈ పిల్లది ఒక్క పూట కూడా ఆగలేదు. మన దగ్గర గర్భిణులకి ఎలాగూ పరీక్ష చేస్తారు కాబట్టి చాలా ఇళ్లలో ముందు బయటపడేది ఆడవాళ్ల రిపోర్టే, నింద కూడా వాళ్లకే. నొప్పులు వచ్చినప్పుడు బిడ్డకి సోకకుండా ఆమెకి నెవిరాపిన్ మాత్ర, పుట్టాక బిడ్డకి సిరప్ ఇచ్చాం. పద్దెనిమిది నెలలకి బిడ్డకి నెగెటివ్ వచ్చింది. ఆ రోజు ఆమె ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది.

ఇక చట్టం సంగతి. 2017లో హెచ్‌ఐవీ చట్టం చేశారు, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా ఆ విషయం ఎవరికీ చెప్పకూడదు. కానీ భార్యాభర్తల విషయంలో ఒక దారి ఉంచారు: ఆయన తనంతట తాను చెప్పడని డాక్టర్‌కో కౌన్సిలర్‌కో నమ్మకం కుదిరితే, అక్కకి సోకే ప్రమాదం నిజంగా ఉంటే, 'నేను చెప్పబోతున్నాను' అని ముందు ఆయనకే తెలియజేసి, అప్పుడు ఆమెని కూర్చోబెట్టి ధైర్యం చెప్తూ చెప్పొచ్చు. అంటే 'ఎప్పటికీ చెప్పను' అని ఆ కౌన్సిలర్ మాట ఇచ్చి ఉంటే అది ఇవ్వకూడని మాట. అదే చట్టంలో ఇంకో సంగతి ఉంది, పాజిటివ్ వచ్చింది ఆడమనిషికైతే, భర్తకి చెప్తే ఆమెని కొడతారు, వదిలేస్తారు అన్న భయం ఉంటే డాక్టర్, కౌన్సిలర్ ఆయనకి చెప్పకూడదు. నేను చూసిన ఆ అమ్మాయి లాంటివాళ్ల కోసమే అది పెట్టారనిపిస్తుంది.

'అందరికీ చెప్పేస్తే గొడవ వదులుతుంది' అనేవాళ్లతో నేను ఒప్పుకోను. అలా చేస్తే రేపు పరీక్షకి ఎవరూ రారు. అయితే ఉచిత ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, 2004లో మొదలైంది, అంతకుముందు చెప్పినా ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇవ్వడానికి మందు ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. మందులు సరిగ్గా వేసుకుని వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) పరీక్షలో కనిపించనంతగా తగ్గితే, కలిసి ఉన్నా అవతలి మనిషికి సోకదు. కాబట్టి ఇప్పుడు దాచడమంటే మీ అక్కకి పరీక్ష, ఒకవేళ ఉంటే మందు, రెండూ అందకుండా చేయడమే.

మీరు నేరుగా చెప్పకండి. బావగారిని ఒంటరిగా కూర్చోబెట్టి, అక్కని ఆయనే ఐసీటీసీకి తీసుకొచ్చి కౌన్సిలర్ ఎదుట చెప్పేలా ఒప్పించండి. గట్టిగా అడగండి, కానీ తిట్టకండి, ఆయన కూడా భయంలోనే ఉన్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులేం అక్కర్లేదు. ఆయన ఎంతకీ కదలకపోతే కౌన్సిలర్‌ని కలిసి చట్టంలో ఉన్న ఆ దారి గుర్తు చేయండి. అక్క పరీక్షకి వెళ్లిన రోజు మాత్రం మీరు పక్కనే ఉండండి, ఆమెకి పాజిటివ్ వస్తే పిల్లలకి కూడా పరీక్ష చేయించాలి, ఆ మాట ఆమెకి మీ నోటి వెంట వస్తేనే కాస్త తట్టుకోగలదు.