‘క్రిస్టియన్ ప్రివిలేజ్’ను తెలుగులో ఏమనాలి?

సందేహం: అమెరికాలో సామాజిక న్యాయం గురించి జరిగే చర్చల్లో ‘క్రిస్టియన్ ప్రివిలేజ్’, ‘డబుల్ స్టాండర్డ్స్’ అన్న మాటలు తరచుగా వినిపిస్తాయి. మొదటిదాన్ని ఒకచోట ‘క్రైస్తవ ప్రత్యేక హక్కులు’ అనీ, మరొకచోట ‘క్రైస్తవాధిక్యం’ అనీ అనువదించారు. ఏది సరైనది? రెండోదాన్ని ‘రెండు నాల్కల ధోరణి’ అనవచ్చునా? – ఒక పాఠకురాలు, డాలస్

సమాధానం: ఆ రెండు అనువాదాలూ ఇక్కడ పొసగవు. ప్రివిలేజ్‌కు మూలమైన లాటిన్ మాటకు ఒక వ్యక్తిని ఉద్దేశించి చేసిన చట్టమని అర్థం. శాసనసభల విషయంలో మన పత్రికలు దాన్ని ‘సభా హక్కులు’ అనడం సబబే, ఎందుకంటే వాటికి రాజ్యాంగంలోని 105, 194 అధికరణాల ఆధారం ఉంది. 1980ల చివర అమెరికా స్త్రీవాద పరిశోధకురాలు పెగీ మెకింటోష్ తెల్లవారిని గురించి రాసిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చిన అర్థం వేరు: అనుభవించేవారికి కూడా ఉన్నట్టు తెలియని సౌకర్యం. దాన్ని హక్కు అంటే, ఆ హక్కు ఏ చట్టంలో ఉందో చూపమని పాఠకుడు అడుగుతాడు. ఇక ‘క్రైస్తవాధిక్యం’లో సంధి సరిగానే ఉంది గాని, సమాసంలో విభక్తి లోపించడం వల్ల అది క్రైస్తవుల పలుకుబడో, క్రైస్తవ మతం గొప్పదనమో తేలదు.

1961లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఫిలడెల్ఫియా యూదు వర్తకుల కేసు చూడండి. వారి మతాచారం ప్రకారం శుక్రవారం చీకటిపడింది మొదలు శనివారం చీకటిపడేదాకా దుకాణం తెరవకూడదు. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం ఆదివారం అమ్మకూడదు. క్రైస్తవ వర్తకుడికి ఒక్క రోజు బేరం పోతే వీరికి రెండు రోజులు పోయేది. ఆదివారపు మూత అందరికీ విశ్రాంతి కోసమే గాని మతం కోసం కాదని కోర్టు చట్టాన్ని సమర్థించింది. ఆ క్రైస్తవ వర్తకుడు ఏ హక్కూ కోరలేదు, ఎవరి మీదా పెత్తనం చేయలేదు. వారం అతనికి అనువుగా అమరి ఉందంతే. అందుకే నేను ‘అయాచిత సౌలభ్యం’ అంటాను. మాట బరువనిపిస్తే ‘అడగకుండా దక్కిన వెసులుబాటు’ అనండి.

అయితే దేశం పేరు వదలకండి. మన దగ్గర షెడ్యూల్డ్ కులాల వారు క్రైస్తవం తీసుకుంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది, తెలుగు రాష్ట్రాల్లో వారిని బీసీ–సీ కింద లెక్కిస్తారు. ఆ ఉత్తర్వును సిక్కుల కోసం 1956లో, బౌద్ధుల కోసం 1990లో సవరించారు గాని క్రైస్తవులకు వర్తింపజేయలేదు. ‘అమెరికాలో’ అన్న ఒక్క మాట జారిపోతే గుంటూరు పాఠకుడికి మీ వాక్యం తలకిందులుగా కనిపిస్తుంది.

రెండో మాటకు వస్తే, ‘రెండు నాల్కల ధోరణి’ అంటే ఇక్కడొకటి, అక్కడొకటి చెప్పడం. మీరడిగినది ఒకే పనిని మనిషిని బట్టి కొలవడం. ‘ద్వంద్వ ప్రమాణాలు’ దానికి చాలు, వాడుకలో ‘ఒక కంట వెన్న, ఒక కంట సున్నం’ ఉండనే ఉంది. ఈ చర్చలో ఆ ప్రమాణాలు విశేషణాల్లోనే దాగి ఉంటాయి: బడిలో పెట్టిన క్రిస్మస్ చెట్టు ‘సంస్కృతి’, పిల్ల తలకు చుట్టుకున్న హిజాబ్ ‘మతం’. న్యాయం గురించి మాట్లాడేవారి నోట కూడా ఈ తేడా అప్రయత్నంగా దొర్లుతుంది. (ప్రభుత్వ భవనానికి చేసే భూమిపూజను మనం ‘సంప్రదాయం’ అనడమూ ఈ కోవలోదే.) తూకంతోనే చెప్పాలనుకుంటే తెలుగు బైబిలు సామెతల గ్రంథంలో ‘వేరువేరు తూనికె రాళ్లు’ అన్న చక్కని పలుకుబడి ఉంది. ఈ సందర్భానికి నాకు ‘ద్వంద్వ ప్రమాణాలు’ కన్న అదే నచ్చుతుంది.