కోళ్ల ఎరువు వేశాక టమాట ఆకుల అంచులు మాడడం: సమాధానం

హనుమకొండలోని మీ పెరట్లో ఎరువు వేసిన వారానికే టమాట ఆకుల అంచులు మాడాయంటే, అది తెగులు కాకపోవచ్చు. పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతమైతే కోళ్ల ఎరువులో 3 శాతం దాకా ఉంటుంది కనుక, పచ్చిగా వేస్తే అమ్మోనియా, లవణాలు వేళ్లను కాలుస్తాయి.

1. మొదళ్ల దగ్గరి ఎరువును తీసివేసి, నీరు నిలవకుండా మడిని బాగా తడపండి.

2. తీసిన దానిని వరిగడ్డి ముక్కలతో కలిపి కుప్ప వేయండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, కుప్పను తిరగవేయరు. పైపొర నల్లగా ఆరి మాగినట్లే కనిపించినా, ఇనుప కడ్డీని నడిమికి గుచ్చి తీస్తే అది వేడిగా, ముక్కు మండించే ఘాటుతో వస్తుంది. వారానికోసారి తిరగవేస్తూ, పిండితే చేతికి తడి అంటేంత తేమ ఉంచి, వేడి, ఘాటు రెండూ పూర్తిగా పోయాకే వాడండి.

3. యూరియా ఇప్పుడు వద్దు. మాడిన ఆకులు కోలుకోవు. కొత్త చిగుళ్లను గమనించండి.